ఇరవై మూడు సార్లు మూసిన లాప్‌టాప్

భద్రాచలం దగ్గర గోదావరి డెబ్బై ఒక్క అడుగులు దాటి, వంతెన మీద బండ్లు ఆపేసిన ఏడు. ఆ ఏడు ఇల్లందు అవతల గుట్ట మీది తండాకు చుక్క వరద నీరు రాలేదు. వాన పడింది, పెంకులు కారాయి, పత్తిచేలల్లో నీళ్లు నిలిచాయి, అంతే. అయినా ఆ తండాలో ఒక ఇంటికి వరద సాయం వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు మోతీలాల్ దగ్గు సంగతి చెప్పాలి.

మోతీలాల్ ఆ ఇంటి పెద్ద, కోడలు సోనికి మామ. మూడో తరగతి దాకా చదివి మేకల వెంట పోయినవాడు. మాట తక్కువ మనిషి. ఇంట్లోకి వచ్చే ముందు గడప అవతల నిలబడి ఒక్కసారి దగ్గుతాడు. అది రోగం కాదు, కబురు. లోపల కోడలుంది కాబట్టి సర్దుకోవాలని. ఆ తండాలో కోడలు మామ ముందు కూర్చోదు. దగ్గు వినపడగానే కొంగు తల మీదికి లాక్కుని, లేచి, ఆయన దాటిపోయేదాకా గోడకు ఒదిగి నిలబడుతుంది. పెళ్లయిన కొత్తలో సోనికి అది కష్టమనిపించలేదు. అప్పుడు కూర్చునే పనే లేదు కదా, లేవడానికి.

కూర్చునే పని తర్వాత వచ్చింది. ఖమ్మంలో కంప్యూటర్లతో బీయస్సీ చదివింది సోని. హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటి దగ్గరి నుంచే పని ఇచ్చింది. ఆసుపత్రుల్లో చేత్తో రాసిన బిల్లుల ఫొటోలు వస్తాయి, వాటిని చూసి టైపు చెయ్యాలి. పొద్దున తొమ్మిది నుంచి ఆరు దాకా ఆమె పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుండాలి. చుక్క బూడిద రంగుకు తిరిగితే మనిషి పనిలో లేనట్టు. ఇంట్లో సిగ్నల్ అందేది ముందర గదిలోనే. మామ బీడీల కట్ట, గొడుగు, మంచినీళ్ల బిందె ఉండేదీ ముందర గదిలోనే.

మొదట్లో మామ వచ్చినప్పుడు సోని లేచి నిలబడేది, లాప్‌టాప్ తెరిచే ఉండేది. అత్త హేమ్లికి అది నచ్చలేదు. "నువ్వు లేస్తే సరిపోద్దానే? అది నోరు తెరుసుకొని కూసునే ఉంటది. అండ్ల ఎవలెవలో మొఖాలు కనపడ్తయ్. దాన్ని మూసి లెవ్వు" అంది. సోనికి నవ్వొచ్చింది. నవ్వి, ఆ రోజు నుంచి మూసి లేచింది.

అక్కడే వచ్చింది చిక్కు. అది ఖమ్మంలో కొన్న పాత లాప్‌టాప్. విండోస్ వేస్తే మోయలేక ఈడుస్తుంటే సోనే దాన్ని తీసేసి లినక్స్ వేసుకుంది. కాలేజీ ల్యాబులో నేర్చిన విద్య. అన్నీ బాగానే నడిచాయి, ఒక్క నిద్ర తప్ప. మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది. తెరిస్తే లేవాలి. లేవదు. లోపల ఫ్యాను తిరిగే చప్పుడు వస్తుంటుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. బటన్ నొక్కిపట్టి చంపాలి, మళ్లీ బతికించాలి, పాస్‌వర్డ్ కొట్టాలి, ఫోనుకు వచ్చిన ఓటీపీ కొట్టాలి. ఎనిమిది నిమిషాలు. సగం టైపు చేసిన బిల్లు పోయినట్టే. మామ బీడీల కట్ట తీసుకుని పోవడానికి పట్టేది అర నిమిషం.

భర్త రవీందర్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. డ్యూటీ దిగి వచ్చి, నల్ల తెర ముందు కూర్చున్న పెళ్లాన్ని చూసి "నిద్రపోయిన డబ్బాను లేపుడు రాదు, నీకు జీతమెవడిస్తుండే?" అని నవ్వేవాడు. ఒకసారి ధైర్యం చేసి అడిగింది. మామ వచ్చినప్పుడల్లా లేవకుండా ఉండొచ్చా అని. అతను అన్నం కలుపుతూనే, "మా అమ్మ ముప్పై ఏండ్లు లేసింది. కాళ్లు అరిగినయా?" అన్నాడు. తిన్నాక కంచం అక్కడే వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. ఆ కంచం తీసింది సోనే. తీస్తూ, కాళ్ల సంగతి కాదు కదా నేను అడిగింది అనుకుంది. అనుకోవడం వరకే.

కంపెనీలో ఆమె పైన ఉండేది శ్రావణి. చుక్క బూడిద రంగు అయినప్పుడల్లా ఫోను చేసేది. "సోనీ, ఏమైంది?" ఏం చెప్పాలి? మా మామ వచ్చాడు, లేచి నిలబడ్డాను అని చెప్పాలా? ఫస్టు క్లాసులో పాసైన మనిషి, లినక్స్ సొంతంగా వేసుకున్నానని ఇంటర్వ్యూలో గొప్పగా చెప్పుకున్న మనిషి, ఒక ముసలాయన దగ్గుకు మిషన్ మూసి గోడకు అతుక్కుంటానని చెప్పాలా? ఆ మాట నోటి దాకా వచ్చేది. అక్కడ సిగ్గు అడ్డం పడేది. ఇంటి సంగతి బయట చెప్పాలన్న సిగ్గు ఒకటి. దాన్ని ఇన్నాళ్లూ ఎదురు చెప్పకుండా చేస్తున్నానన్న సిగ్గు ఇంకొకటి. రెండో సిగ్గే పెద్దది. "కరెంటు పోయింది మేడం" అనేది. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుందని శ్రావణికి తెలియదా? తెలుసు. ఒకటి రెండుసార్లు ఊరుకుంది. మూడోసారి "ఈ నెల కూడా గిట్లనే ఉంటే పైవాళ్లకు నేను జవాబు చెప్పలేను సోనీ, తీసేస్తరు" అంది.

సరిగ్గా ఆ వారమే గోదావరి వచ్చింది. టీవీల్లో అంతా భద్రాచలమే. శ్రావణి ఫోను చేసి, ఈసారి కోపం లేకుండా, కంగారుగా అడిగింది. "నీదీ అటువైపే కదా? వరదల చిక్కుకున్నరా?"

అప్పుడే మామ గొడుగు తీసుకుని బయటికి పోయాడు. సోని ముందు నల్ల తెర.

"అవ్ మేడం" అంది.

అంత తేలికగా వచ్చింది ఆ మాట. ఆ తర్వాత పది రోజులు ఎవరూ ఏమీ అడగలేదు. చుక్క ఎన్నిసార్లు చచ్చినా "జాగ్రత్త సోనీ" అన్నారే తప్ప ఎందుకని అనలేదు. ఎవరి ఇళ్లల్లోకో వచ్చిన నీళ్లు తన ఉద్యోగాన్ని మోస్తున్నాయని సోనికి తెలుసు.

ఈ మిషన్‌ను ఎట్లాగైనా బాగు చేస్తే ఇక అబద్ధం అవసరం ఉండదనుకుంది. ఒక ఆదివారం అత్త పత్తిచేను పని మీద, మామ మేకల వెంట పోయినప్పుడు కూర్చుంది. ఇదే రకం లాప్‌టాప్ ఉన్నవాళ్లు ఎక్కడెక్కడి దేశాల్లోనో ఇదే గోస పడి రాసిపెట్టిన మాటలు వెతికి చదివింది. ఈ మిషన్లకు నిద్ర రెండు రకాలట. ఒకటి పైపై కునుకు, ఒకటి గాఢ నిద్ర. కొన్ని మిషన్లు కునుకులోకి పోతే మళ్లీ లేవలేవు, గాఢ నిద్ర నుంచి మాత్రం లేస్తాయి. తన దానికి ఏది పెట్టి ఉందో చూసింది. కునుకే. మిషన్ లేచేటప్పుడు చదువుకునే ఫైలు ఒకటి ఉంటుంది, దాంట్లో ఒక్క మాట చేర్చాలి. చేర్చింది. మూత వేసి అరవై దాకా లెక్కపెట్టి తెరిచింది. తెర మీద వెలుతురు వచ్చింది, ఎక్కడ ఆపిందో అక్కడే. పదిసార్లు మూసి తెరిచింది, పదిసార్లూ లేచింది. ఇంట్లో ఒక్కతే ఉండి నవ్వుకుంది. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

సరిగ్గా పడుకుంటోందో లేదో ఖాయం చేసుకుందామని, మిషన్ తనంతట తాను రాసుకునే చిట్టా తెరిచింది. ఎప్పుడు మూత పడింది, ఎప్పుడు తెరిచారు, గంటలూ నిమిషాలతో సహా ఉంటాయి దాంట్లో. పోయిన మంగళవారం చూసింది. ఇరవై మూడు సార్లు మూత పడింది. ఏది ఎందుకో గుర్తు చేసుకుంటూ పోయింది. తొమ్మిదీ పది మామ నీళ్లకు వచ్చాడు, తొమ్మిదీ నలభై బీడీలకు. పదింటికి అత్త మేకపిల్లను పట్టుకోమంది. పదిన్నరకు మామ ఊరికే వచ్చి వాన తగ్గిందా అని చూసి పోయాడు. పదమూడు మామవి, ఏడు అత్తవి, రెండు రవీందర్ బువ్వకు. మిగిలింది ఒకటి, మధ్యాహ్నం మూడూ పన్నెండుకు. అది ఎంతకూ గుర్తు రాలేదు. అప్పుడు మామ చేనులో ఉన్నాడు, అత్త పడుకుంది, రవీందర్ డ్యూటీలో ఉన్నాడు. చాలాసేపటికి గుర్తొచ్చింది. గాలికి తలుపు కొట్టుకుంది. మూత వేసి, కొంగు లాక్కుని, లేచి నిలబడింది. ఎవరూ లేని గదిలో, గోడకు ఒదిగి.

బాగైన మిషన్ ముందు కూర్చుని ఏడ్చింది. మిషన్ లేచింది సరే, మూత వేసినంతసేపూ చుక్క బూడిద రంగులోనే ఉంటుంది. దీన్ని బాగు చేసే మాట ఏ ఫైలులో రాయాలో ఎవరూ రాసిపెట్టలేదు.

బుధవారం సాయంత్రం మోతీలాల్ ఇల్లందు బస్టాండు నుంచి ఒక అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చాడు. సోని పేరు మీద పార్సిల్ వచ్చిందని పొద్దున ఫోను వస్తే ఆయనే పోయి తెచ్చాడు. రవీందర్ అప్పుడే డ్యూటీ దిగాడు. పెట్టె ముందర గదిలో దించి, పైన అంటించిన కాగితాన్ని మోతీలాల్ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివాడు. "సో... ని. వ... ర... ద బా... ధి... తు... రా... లు."

హేమ్లి పెట్టె తెరిచింది. దుప్పట్లు, చీరలు, పిల్లల స్వెట్టర్, బియ్యం సంచి, సబ్బులు. "అమ్మో, ఎంత మంచిగున్నయ్" అంటూ ఒక చీర భుజాన వేసి చూసుకుంది.

"దాన్ని అండ్ల పెట్టు" అన్నాడు మోతీలాల్. తర్వాత కోడలి వైపు కాదు, ఎదుటి గోడ వైపు తిరిగి అడిగాడు. "మనింటికి వరద ఎప్పుడొచ్చింది?"

రవీందర్ నవ్వాడు. "కంపెనీకి కథ చెప్పినట్టుంది. తెలివైందే."

సోని గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఎప్పటిలాగే. పెళ్లయి నాలుగేళ్లు. మామతో ఎదురుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెబితే అత్త చెప్పేది. కొంగు కింద నుంచే అంది.

"వరద రాలేదు మామా. మీరొచ్చిన్రు."

హేమ్లి చేతిలో చీర అట్లాగే ఆగింది. "ఏం మాటలే అవి? కొంగు కింద కెల్లి కొరివి పెడ్తున్నవ్!"

"నన్ను చెప్పనియ్యి అత్తా." ఆపలేదు. దగ్గు వినగానే మూత వెయ్యడం, చుక్క పోవడం, కరెంటు అని, వరద అని చెప్పడం, అంతా చెప్పింది. ఇరవై మూడు సార్లు అని చెప్పింది. పదమూడు మీవి అని చెప్పింది. గాలికి లేచిన సంగతి మాత్రం చెప్పలేకపోయింది. అది చెప్పడానికి సిగ్గు అడ్డం వచ్చింది.

"పర్ణశాల కాడ నా దోస్తు సీతయ్య ఇల్లు మునిగింది" అన్నాడు మోతీలాల్. "గోడలు కూలినయ్. వానికి ఎవడు పంపిండు?" కండువా దులిపి బయటికి పోయాడు. తనను తిట్టాడో, తనకు తాను చెప్పుకున్నాడో సోనికి తెలియలేదు. ఏదైనా ఆ మాట వచ్చి తన మీదే పడింది.

పెరట్లోకి పోయి శ్రావణికి ఫోను చేసింది. చెప్పేసింది.

"అండ్ల మా అమ్మ చీరలు కూడ ఉన్నయ్ సోనీ" అంది శ్రావణి. "ఆఫీసు మొత్తం తిరిగి నేనే అడిగి తీసుకున్న. మునిగినోళ్ల పేరు వాడుకున్నవ్. ముందే నిజం చెప్తే నేను అర్థం చేసుకోకపోదునా?"

"సిగ్గయింది మేడం."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ అయితుంది."

"రేపు పొద్దున తొమ్మిదికి కూసో. ఒంటిగంట దాక చుక్క పోవద్దు. ఒక్కసారి పోయినా ఇగ నా చేతుల లేదు" అని శ్రావణి ఫోను పెట్టేసింది.

పొద్దున తొమ్మిదికి సోని ముందర గదిలో కూర్చుంది. చుక్క వెలిగింది. పెట్టె పక్కనే ఉంది. మొదటి బిల్లు సగంలో ఉండగా మోతీలాల్ దగ్గకుండానే లోపలికి వచ్చాడు. చెయ్యి దానంతట అదే మూత మీదికి పోయింది. ఆ చేతిని తీసి ఒడిలో పెట్టుకుంది. మోకాళ్లు లేవబోయాయి. లేవనివ్వలేదు. మామ ముందు కూర్చుని ఉంది, తండాలో ఏ కోడలూ కూర్చోనట్టు. ముఖం మండిపోతోంది. తెర మీది అంకెలు కనపడడం లేదు. సిగ్గు పోతే కూర్చుందామనుకుంటే ఈ జన్మకు కూర్చోలేననిపించింది. సిగ్గుతోనే కూర్చుంది.

మోతీలాల్ ఆమెను చూడలేదు. పెట్టె దగ్గర గొంతుక్కూర్చుని, పైనున్న కాగితాన్ని గోళ్లతో గీకాడు. పేరు పోయేదాకా, పేరు కింద రాసింది పోయేదాకా గీకాడు. పెట్టె ఎత్తబోతే మోకాలు పట్టేసింది.

వంటింట్లో నుంచి హేమ్లి తొంగి చూసింది. "అయ్యో, మామ మోస్తుంటే కోడలు కుర్చీల కూసున్నది! లేసి ఎత్తియ్యరాదే?"

"నువ్వొచ్చి ఎత్తు" అన్నాడు మోతీలాల్. "దానికి డ్యూటీ ఉంది."

హేమ్లి పిండి చేతులతోనే వచ్చి ఎత్తింది. ఆయన పెట్టెను నెత్తిన సర్దుకుని, గొడుగు చంకన పెట్టుకుని, బురదలో చెప్పులు ఈడుస్తూ రోడ్డెక్కి, పర్ణశాల పోవడానికి, వచ్చిన మొదటి బస్సుకు చెయ్యెత్తాడు.