ఎరుపో నారింజో

రేడియో ఇంకా పలకలేదు. బల్బులాయన దాని వీపు మళ్ళీ ఊడదీసి, ఇందాక తాను అతికించిన రెసిస్టర్ వైపు చూశాడు. కరెంటును అదుపులో పెట్టే ఆ ముక్క వడ్లగింజంత ఉంటుంది. ఒంటి మీది రంగు చారలే దాని విలువ చెబుతాయి. ఈ రకంలో మూడో చార ఎరుపైతే వెయ్యి ఓములు, నారింజైతే పదివేలు. నలభై ఏళ్ళుగా చారలు చూసి చెప్పేయడమే తప్ప ఆయన మీటరు పెట్టి కొలిచి ఎరగడు. కొలిచేవాళ్ళంటే కాస్త చిన్నచూపు కూడాను.

ఇవాళ గతిలేక కొలిచాడు. పదివేలు ఉండాల్సింది వెయ్యి చూపించింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. నిన్న బల్ల మీద రెండే పెట్టుకున్నాడు. పదివేలది రేడియోకి, వెయ్యిది ఆసుపత్రిలో పసిపిల్లల్ని పడుకోబెట్టే వెచ్చటి పెట్టెకి. వెయ్యిది ఇక్కడుందంటే, పొద్దున్నే వెళ్ళి ఆ పెట్టెలో అతికించి వచ్చింది పదివేలది. ఇక వేడి ఆగాల్సిన చోట ఆగదు. ఆ పెట్టెలో నెలలు నిండకుండా పుట్టిన పాప ఉంది.

ఆసుపత్రికి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. సంచీ లాక్కుని పరుగెత్తాడు.

"ఏమండీ, చొక్కా తిరగేసి తొడుక్కున్నారు!" గుమ్మంలోంచి భార్య కేకేసింది. ఆయన అప్పటికే మలుపు తిరిగాడు.

ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. ఇంట్లో ఉన్న ఒక్క రేడియోనూ విప్పి, తండ్రి చేత తన్నులు తిని విద్య నేర్చుకున్నాడు. ఇరవై రెండో ఏట, ఆ చుట్టుపక్కల కంప్యూటర్ మొహం ఎవరూ చూడని రోజుల్లో, నలభై బల్బులతో కూడికలు చేసే యంత్రం కట్టాడు. తొమ్మిదీ ఏడూ పదహారని చెప్పడానికి అది వీధి మొత్తానికీ కరెంటు పోగొట్టింది. జనం కడుపుబ్బ నవ్వారు, బల్బులాయన అన్న పేరు మాత్రం ఆయనకు ఉండిపోయింది. పట్టా లేదని ఏ కంపెనీ పిలవలేదు. మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసుకుంటూ బతికాడు. పోయినేడాది పాత బీరువా అరతో ఈ వెచ్చటి పెట్టె తయారుచేశాడు. పదకొండు మంది పిల్లలు అందులో ఊపిరి నిలబెట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు. ఆయన నోరారా గొప్పగా చెప్పుకున్నది జన్మలో అదొక్కటే.

ఆరు నెలలుగా ఎరుపూ నారింజా ఒక్కలాగే కనిపిస్తున్నాయి. లైటు మంచిది కాదని సర్దిచెప్పుకున్నాడు. భార్యక్కూడా చెప్పలేదు. కళ్ళు పోతే ఇంక తనెవరు అన్న భయం ఒకటుండేది. ఇప్పటి భయం ముందు అదొక భయమేనా!

ఆసుపత్రి గదిలో పెట్టె మూత తెరిచి ఉంది. లోపల ముడతలు పడ్డ గుడ్డ తప్ప ఏమీ లేదు. ఆయన ఆ గుడ్డ ఎత్తి దాని కింద కూడా చూశాడు.

నర్సు గబగబా వచ్చింది. "మంచిపని చేశారు బాబాయ్, మీరే వచ్చారు. పొద్దున మీరు వెళ్ళాక చెయ్యి పెడితే లోపల కాలిపోతోంది. పాపని తీసి వాళ్ళమ్మ గుండెల మీద పడుకోబెట్టా. బాగానే ఉందిలెండి, పాలు కూడా తాగింది." అంతలోనే గొంతు తగ్గించింది. "నేనే ఏదో మీట తప్పు నొక్కి ఉంటాను. డాక్టరుగారితో అనకండి, మీకు పుణ్యముంటుంది. మీ పెట్టె తప్పు చెయ్యదు కదాని కాసేపు ఊరుకున్నా కూడా."

"ఎంతసేపమ్మా?"

"పావుగంట."

ఆయన గోడ పక్కన నేల మీద కూర్చున్నాడు. పాప బతికిందని తెలిశాక భయం తగ్గాలి, కానీ ఎక్కువైంది. ఈ నర్సమ్మాయి తనను ఇంకో పావుగంట నమ్మి ఉంటే?

"నీ తప్పేం లేదు. నాకు రంగులు తెలియడం లేదు," అన్నాడు. భార్యకు చెప్పనిది అలా బయటపడింది. "డాక్టరుగారికి నేనే చెబుతాను."

రేడియోలోంచి ఊడదీసి తెచ్చిన రెసిస్టర్ ఆమె చేతిలో పెట్టాడు. "మూడో చార ఏ రంగమ్మా?"

"ఎరుపు, బాబాయ్."

అయినా మూడుసార్లు మీటరు పెట్టి చూసుకున్నాడు. సంచీలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి వేడెక్కించి, పెట్టెలోది ఊడదీసి దీన్ని అతికించాడు. తర్వాత గంటసేపు థర్మామీటరు మీంచి చూపు తిప్పలేదు. వేడి ఆగాల్సిన చోటే ఆగింది.

"పాపని చూసి వెళ్ళండి."

"వద్దులేమ్మా," అన్నాడు. ఆ పాప మొహం చూసే ధైర్యం లేకపోయింది.

డాక్టరుగారి గదిలో జరిగిందంతా చెప్పి, బయటికొచ్చి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. వారంలోగా కంపెనీ పెట్టె తెప్పించుకోమనీ, అందాకా చెయ్యి పెట్టి చూస్తూనే ఉండమనీ నర్సుకు చెప్పి మెట్లు దిగాడు.

"బాబాయ్, సోల్డరింగ్ ఐరన్ మరిచిపోయారు!"

"మరిచిపోలేదమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

నర్సు ప్లగ్గు పీకేసింది. స్టీలు ట్రేలో, దూది పక్కన పడుంది ఐరన్. చెక్కపిడి మీద బొటనవేలు ఆనే చోట గుంట పడి నున్నగా ఉంది. మొన మాత్రం ఇంకా కాలుతూనే ఉంది.