చేతికందుకోని ఉప్పు

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికే నాకు చాలా రోజులు పట్టింది.

షార్జాలో నా బిడ్డ కరుణ దగ్గర ఉంటాను. వారమంతా కరుణ, అల్లుడు ఆఫీసుల్లో ఉంటారు, సెలవు రోజు నిద్రపోతారు. నాకు గోడలే దిక్కు. పక్కింటి మహబూబున్నీసాది మా నిజామాబాదే. శని, ఆదివారాల్లో పార్కు పక్కన జరిగే సంతలో, ఉమ్ నదీమ్ అనే లెబనాన్ ఆమె ఆలివ్ కాయలు, రొట్టెలు అమ్మే దుకాణంలో పనిచేసేది. తను ఊరికి పోతూ ఆ చోటు నాకు ఇప్పించాలనుకుంది. ఒక పూట చూసి చెప్తానంది ఉమ్ నదీమ్. ఆ పని దొరకాలని నేను మొక్కని దేవుడు లేడు.

మహబూబున్నీసా వెంట పోయి సంత చూస్తే కళ్లు చాల్లేదు. పచ్చవి, నల్లవి, వంకాయ రంగువి ఆలివ్ కాయల కుప్పలు. నువ్వులు చల్లి కాలుస్తున్న రొట్టెల వాసన. ఒక గ్రీకాయన దారిన పోయేవాళ్లందరికీ తేనె రుచి చూపిస్తున్నాడు.

"ఉసిరికాయనుకొని కసుక్కున కొరికేవు సాయక్కా, లోపల గింజ ఉంటది. ఉన్న పండ్లు గూడ ఊడుతయి!" అంది మహబూబున్నీసా.

"ఊడితే నీయి పెట్టుకుంట తియ్," అన్నాను.

అంతలో ఉమ్ నదీమ్ కాయల్లో కలపమని గుప్పెడు కల్లుప్పు నా చేతిలో పోయబోయింది. నేను చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఉప్పంతా నేలపాలైంది. ఆమె ముఖం మాడిపోయింది. గబగబా ఏదో అంది.

"నా చెయ్యి అంత గలీజుగున్నదా అని అడుగుతుంది అక్కా!" అంది మహబూబున్నీసా.

నేను మహబూబున్నీసా చెయ్యి పట్టుకున్నాను. "అయ్యో, కాదే! ఉప్పు చేతికి చేతికి ఇచ్చుకుంటే కొట్లాటైతదని మనం కింద పెట్టి తీసుకోమా? ఆమెతోటి కొట్లాట వద్దనే తీసిన. జర చెప్పవే."

మహబూబున్నీసా అరబ్బీలో చెప్పింది. ఉమ్ నదీమ్ తల మీది రుమాలు జారేదాకా నవ్వింది.

"వాళ్లకు ఉల్టా అట. ఉప్పు, రొట్టె కలిసి తింటే దోస్తానా అట."

ఉమ్ నదీమ్ వేడి రొట్టె తుంచి ఉప్పులో అద్దింది. నా చేతికి ఇవ్వబోయి ఆగి, పళ్లెంలో పెట్టి నా ముందుకు జరిపింది. తనూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. నేను పళ్లెంలోంచి తీసుకుని తిన్నాను.

"యల్లా, సాయా," అని, ఇక పనిలోకి దిగమన్నట్టు నడుముకు కట్టుకునే గుడ్డ నా మీదికి విసిరింది.

ఇప్పటికీ మా బల్ల మీద ఉప్పు గిన్నె విడిగా ఉంటుంది. ఎవరికి కావాలంటే వాళ్లే తీసుకుంటాం. కొట్లాట మాత్రం ప్రతి శనివారం అవుతుంది, రొట్టె మాడిందనో, నేను కాయలు ఎక్కువ తూచాననో.

సాయవ్వ, యాభై ఎనిమిదేళ్లు, అల్ నహ్దా, షార్జా.