మూపురమున్న తెల్లగుర్రం

మళ్ళీ వచ్చింది, వద్దు వద్దంటున్నా వచ్చింది, బొటనవేలు మెడ మీదుగా వెనక్కి జారేసరికి బుడిపెలాగ లేచి కూర్చుంది, ఇది గుర్రమే, కాళ్ళు సన్నగానే తీశాడు, చెవులు నిక్కబొడిపించాడు, తోకకు మేక వెంట్రుకలు కూడా అతికించాడు, అయినా వీపు మీద మూపురం, పొద్దున్నుంచి ఇది ఎన్నో గుర్రమో ఉరుకుందప్ప లెక్కపెట్టడం మానేశాడు, చేయడం, చూడడం, పిసికి ముద్ద చేయడం, పెండ్లాం మాట వినకపోతే లోకంలో ఉన్నదే అనుకోవచ్చు, సొంత వేళ్ళే వినకపోతే మనిషి ఏ పెద్దమనిషికి పోయి చెప్పుకోవాలి, పొద్దు నడినెత్తికి వచ్చింది, వాలేలోపల ఈరన్న బండి కట్టుకొని వస్తాడు, ఈ మట్టిబొమ్మల యుద్ధాన్నంతా వరిగడ్డి మెత్త మీదికెత్తి కర్నూలుకు తోలాలి, కర్నూలు రాజధాని అయి ఏడాది నిండిందని దసరాకు అక్కడ ఎగ్జిబిషన్ పెడుతున్నారు, కోడుమూరు నుంచి వచ్చిన దొర ఎవరో ఈ బొమ్మల్ని చూసి, పెద్దాయనా, ఇవి ఊళ్ళో ఉండాల్సినవి కావు అని పోయాడు, ఆ మాటకు పెండ్లాం హంపమ్మ, ఆ పెద్దాయన కూడా ఊళ్ళో ఉండాల్సినోడు కాదు, ఆయన్ని గూడా తోలుకపోండి సామీ అనింది.

ఎద్దులు లేని ఎద్దుల కొట్టంలో, రెండు పాత తలుపు రెక్కల మీద, రక్కసితంగడి యుద్ధం ఆగి నిలబడి ఉంది, ఆ చివర నీలిమందు పూసిన కృష్ణ ఏరు, నడుమ రెండు దండ్లు, ఈటెలకు చీపురుపుల్లలు, డాళ్ళకు పగలగొట్టిన చింతగింజలు, ఏనుగు దంతాలకు తుమ్మముళ్ళు, ఫిరంగుల పొగకు చేలో ఏరిన పత్తి, జాజు పూసిన ఎర్ర తలపాగాలు విజయనగరానివి, పసుపువి సుల్తానులవి, ముఖాలు మాత్రం అటువీ ఇటువీ అన్నీ ఊరి ముఖాలే, ఆయనకు వేరే ముఖాలు తెలిస్తే గదా, రాయలవారి మావటికి గిడ్డయ్య మెల్లకన్ను వచ్చింది, బిజాపురం ఫిరంగి ముట్టించేవాడు అచ్చం చచ్చిపోయిన పుల్లయ్య, అదే పొట్ట, అదే నిలువు, పాపం బతికినన్నాళ్ళు బీడీ ముట్టించడానికి కూడా పక్కవాడి చేతినే చూసినవాడు, ఇప్పుడు ఏకంగా సామ్రాజ్యానికే నిప్పు పెడుతున్నాడు, అన్నీ కుదిరాయి, ఒక్క చోటు తప్ప, రాయలవారి ఏనుగుకు కుడిపక్క అరచేతంత చోటు, అది ముత్తాతల ముత్తాతది, ఆయన పేరూ ఉరుకుందప్పే, తెల్లగుర్రం ఎక్కి రాయలవారికి గొడుగు పట్టింది ఆయనే అని ఊరందరికీ తెలుసు, ఎట్లా తెలుసంటే, నలభై ఏండ్లుగా ఈరన్న అరుగు మీద కూర్చొని ఈయనే చెప్తున్నాడు గనుక, మొదట్లో అది ఉత్త గుర్రం, తరువాత తెల్లబడింది, తరువాత ఊరిముందరి వంక దూకింది, ఒక ఏడు హంద్రి దూకింది, కల్లు బాగా పులిసిన ఏడు తుంగభద్ర దూకింది, ఏమప్పా ఉరుకుందప్పా, నీ గుర్రం ఏటేటా ఏరు మారుస్తాండాది, ఇంగ మిగిలింది సముద్రమే గదప్పా అని ఈరన్న, దూకుతాది లేప్పా, ముందు నువ్వు ఆ బీడీ ఆర్పు, పొగకు బెదురుతాండాది అని తను, అది సరే, ఏనుగు మీదోనికి గుర్రం మీంచి గొడుగెట్ల పట్టె అని మళ్ళీ ఈరన్న, కర్ర పొడుగుది లేప్పా అని మళ్ళీ తను, నవ్వులు, కల్లు ముంతలు, ఎంత మంచి సాయంత్రాలు అవి.

కానీ ఇప్పుడు నవ్వులాట కాదు, బండి వెంట ఊరు కదులుతుంది, ఆ తెల్లగుర్రాన్ని కండ్లారా చూడటానికే కదులుతుంది, మూపురమున్నది అక్కడ నిలబడిందా, నలభై ఏండ్ల మాట ఒక్క బుడిపెతో పోతుంది, మిగతా గుర్రాలకూ వచ్చాయి మూపురాలు, రానీ, వాటిని చాకుతో చెక్కి, మచ్చ కనపడకుండా పైన మందంగా జీను పూశాడు, దీనికి జీను పూయడానికి లేదు, ముత్తాతల ముత్తాత జీను లేకుండా ఉత్త వీపు మీదే ఎక్కేవాడని చెప్పిన నోరు ఎవరిది, తనదే, అబద్ధం చెప్పేవాడు జీనుతో సహా చెప్పాలి అని ఎవరూ నేర్పలేదు, సంగటి చల్లారతాండాది, తిని పిసుకుదువు రా అని హంపమ్మ కేక, రాకపోతే తానే వచ్చి, నడుం మీద చేయి పెట్టుకొని వంగి చూసి, ఇదేందయ్యా, గుర్రమంటివి, ఎద్దును చేస్తాండావు, ఎద్దు కాదే, ఇంకా కాలేదు గుర్రం, ఇంగ అయ్యేదేముండాది, కాడి కట్టేదే గదా తక్కువ, నేను ఆ పొద్దే చెప్తిని, ఆ మన్ను ముట్టద్దని, వానకు కరగాల్సిన ఎద్దులవి, వాటిని తెచ్చి గుర్రాలు కాండి అంటే అవుతాయా, నీకు పుట్టినప్పుడు పెట్టిన పేరు మారిస్తే నువ్వు పలుకుతావా.

నిజమే, మన్ను మిద్దెల మీది ఎద్దులదే, మన్నెత్తుల అమాసనాడు ఇంటింటా మట్టి ఎద్దుల్ని చేసి, పూజించి, మిద్దె మీద నిలబెడతారు, కాల్చకూడదు, వాన వచ్చి వాటిని కరిగించాలి, కరిగి మిద్దె మన్నులో కలిసిపోతే ఆ ఏడు పంట, మొన్నటి కరువేడు ఎవరి ఎద్దులూ కరగలేదు, శ్రావణం పోయింది, కార్తీకం పోయింది, ఊరి మిద్దెలన్నిటి మీదా మట్టి ఎద్దులు బీటలు వారి ఆకాశం చూస్తూ నిలబడే ఉన్నాయి, కింద ఈ కొట్టంలో నిజం ఎద్దులు, పుల్లోడూ మైలోడూ, కొట్టం మీద కప్పిన బోదగడ్డి పీకి వేస్తే అది తిన్నాయి, ఆ బోదా అయిపోయాక సంతకు తోలుకపోయాడు, పశువును అమ్మినా పగ్గం అమ్మకూడదు కదా, రెండు పగ్గాలు భుజాన వేసుకొని తిరిగి వచ్చాడు, హంపమ్మ వాకిట్లోనే పగ్గాలు తీసుకొని కొట్టంలోని కొయ్యకు తగిలించింది, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, మరుసటి ఏడు మబ్బు పట్టిన పొద్దే ఈయన నిచ్చెన వేసి మిద్దె మీది ఎద్దుల్ని గంపకు దించాడు, ఎదురిండ్లవీ అడిగి దించాడు, ఎందుకప్పా అంటే యుద్ధం చేస్తాననేశాడు, ఏ యుద్ధమో అప్పటికి తనకే తెలియదు, ఇవి కూడా కరిగిపోతే ఇంట్లో ఎద్దన్నదే ఉండదని మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎద్దు కోసం ముసలివాడు నిచ్చెన ఎక్కాడంటే ఊరు నవ్వుతుంది, యుద్ధం కోసమంటే భయపడుతుంది.

ఒరే, ముందు మూపురం లేపు, కాళ్ళు తరువాత, ఇది చిన్ననాటి అమ్మ సోమక్క గొంతు, ఆమె బొటనవేలు తన బొటనవేలి మీద, జొన్నపిండి వాసన, తడిమన్ను చల్లదనం, మూపురం లేనిది కాడి యాడ మోస్తాదిరా, ఇట్ల నొక్కు, కొంచెం ఎడమకు వాల్చు, ఎడమకు ఎందుకమ్మా, ఈ ఇంటి ఎద్దు అట్లే వాలుతాది నాయనా, మా పుట్టింట్లో నిటారుగా లేపుతుంటిమి, ఈడికి కోడలుగా వస్తే మా అత్త నా వేలు పట్టుకొని వాల్చె, ఆమె వేలు వాళ్ళ అత్త పట్టుకొనిందంట, మిద్దె మీద ఎన్ని ఎద్దులుండనీ, మూపురం చూస్తే ఎవరింటివో చెప్పచ్చు, చేతిలోని గుర్రాన్ని తిప్పి చూశాడు, వాలింది, ఎడమకే వాలింది, పగిలిన వేలికి, గోరులో సున్నమున్న వేలికి, ఇంత ముసలితనంలో అమ్మ చెప్పింది ఇంకా గుర్తుంది, తను చెప్పింది మాత్రం గుర్తుండదు.

సంగటి ముద్ద తలుపు రెక్క అంచున పెట్టి హంపమ్మ ఇంకా యుద్ధాన్నే చూస్తోంది, అవునయ్యా, ఇంతమంది ఎండలో నిలబడుండారే, వీళ్ళకు నీళ్ళెవరు మోసిరి, జొన్నలెవరు తెచ్చిరి, ఏనుగులుండాయి, గుర్రాలుండాయి, ఒక్క ఎద్దు లేదే, ఎద్దు లేకుండా యాడన్నా పని జరుగుతాదా, పనికాదే ఇది యుద్ధం, యుద్ధమైతే ఆకలి గాదా, అంతలోనే వీధిలో బండి చప్పుడు, ఈరన్న గొంతు, ఎక్కిద్దామా దండును, లోపలికి వచ్చి, ఖాళీ చోటు చూసి, మీసాల్లో నవ్వి, గుర్రమింకా రాలేదా, అవునప్పా, ఒక్క మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు, రాయలవారి పక్కనున్నోళ్ళంతా ఆడ్నే తెగిరి గదా, మీ తాత ఒక్కడే ఎట్ల మిగిలె, మిగలకపోతే నువ్వు యాడనుంచి వస్తివి, గుర్రం దూకిందప్పా అనబోయాడు, నాలుక చివరి దాకా వచ్చింది, అక్కడే ఆగింది, గొడుగు పట్టినవాడు రాయలవారిని వదిలి దూకితే వాడు వీరుడు కాడు, దూకకపోతే తను లేడు, అయితే మిగిలినవాడెవడు, ఆ పొగలోనుంచి, ఆ చావులోనుంచి ఇంటికి నడిచి వచ్చినవాడెవడు, చేతిలో గుర్రం, వీపు మీద ఎడమకు వాలిన మూపురం.

గుర్రం చెవుల్ని చిదిమి పక్కకు వాల్చాడు, కొసల్లో చిటికెడు మన్నుతో కొమ్ములు లేపాడు, గొడుగు పట్టి సిద్ధంగా ఉన్న ముత్తాతల ముత్తాతను తీశాడు, కాగితం గొడుగు పీకేస్తే చీపురుపుల్ల మిగిలింది, ఎద్దును అదిలించే ములుగర్రకు అంతకన్నా ఏం కావాలి, గుర్రం మీదికని ఎడంగా చేసిన కాళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద అంగలు వేసేవాడి కాళ్ళు, లేచి, కొయ్యకున్న మైలోని పగ్గం నుంచి ఒక పీచు లాగి, ఆ ఎద్దుకు ముక్కుతాడు వేసి ఆయన చేతిలో పెట్టాడు, హంపమ్మ కొయ్యకున్న పగ్గం వంక చూసింది, ఏనుగు పక్కన కాదు, దండుకు వెనక, తలుపు రెక్క ఈ చివర, పత్తి పొగ అందని చోట, కృష్ణకు వీపు పెట్టి, కోడుమూరు దిక్కుకు ముఖం పెట్టి వాళ్ళిద్దరినీ నిలబెట్టాడు, తెల్లగుర్రం ఏదప్పా అని ఈరన్న, దూకె గదప్పా, ఇప్పుడే కృష్ణ దూకి పాయ, నువ్వు బీడీ ముట్టించుకుంటా చూస్తివి కాదు, ఈరన్న పగలబడి నవ్వుతున్నాడు, నవ్వనీ, నోరు నలభై ఏండ్లు గుర్రమెక్కి తిరిగింది, చేయి ఒక్క పొద్దు కూడా ఎద్దును వదల్లేదు, రాయలవారికి గొడుగు పట్టినవాడెవడో అక్కడే తెగాడు, మనవాడు జొన్నలు మోసిన ఎద్దును పగ్గం పట్టుకొని నడిపించుకుంటూ ఇల్లు చేరాడు, చేరి, ఆ వచ్చే అమాసకు తడిమన్ను ముందు కూర్చొని, ఇంటివాళ్ళ వేలు పట్టుకొని ఎడమకు వాల్చాడు, ఆ వేలే ఇది, తను సంత నుంచి తెచ్చింది పగ్గాలే, ఆయన తెచ్చింది ఎద్దును.