రెండంగుళాలు

భార్య కూరగాయలకు వెళ్లినప్పుడు వడ్రంగి పెద్దాయన తన కుర్చీ కాళ్ల కింద రెండంగుళాల చెక్కముక్కలు అతికించాడు. పాత రంగే కలిపి పూశాడు. అతుకు తెలుస్తోందేమోనని వేలితో తడిమాడు. తెలియలేదు. చాన్నాళ్ల తరవాత చేసిన పని కాబట్టి కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

షుగరు వచ్చి ఏళ్లయింది. తొడల్లో కండ కరిగిపోయిన సంగతి ఆయనకు పట్టలేదు. కార్ఖానాలో రంపం బల్ల పక్కన తూలి పడ్డ రోజున తమ్ముడికి పట్టింది. కార్ఖానా ఇద్దరిదీ.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలిగినప్పుడు రా అన్నయ్యా. అందాకా నీ బల్ల ఎవరికీ ఇవ్వను," అన్నాడు తమ్ముడు.

డాక్టరు కిడ్నీలు బాగున్నాయని పరీక్షల్లో చూసుకుని, కండ పట్టడానికి ప్రొటీన్ పొడి రాశాడు. ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి కుర్చీలోంచి లేచి కూర్చోవడం నేర్పింది.

"పొడి కలపలాంటిది తాతగారూ. కొట్టు ముందు దించినంత మాత్రాన బల్ల అయిపోదు. మీరు చెమటోడ్చాలి."

"కలప సంగతి నాకు చెబుతున్నావా?"

పొడి ఏ పూటా మానలేదు. లేవడం మాత్రం చేతకాలేదు. సగం లేచి కూలబడేవాడు. భార్య గుమ్మంలో నిలబడి చూసేది. అదే ఆయన భరించలేకపోయాడు.

కుర్చీ ఎత్తు పెరిగిన రోజు సాయంత్రం చేతులు కట్టుకుని లేచాడు. భార్య గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"పొడి పనిచేసిందండీ!"

అప్పటికప్పుడే మరిదికి ఫోను చేసింది. "మీ అన్నయ్య లేడిపిల్లలా లేస్తున్నారయ్యా. ఇక నీదే ఆలస్యం."

వదిన మాట మీద తమ్ముడు బల్ల తుడిపించాడు. లేచి చూపించమని అడగలేదు. పెద్దాయన రాగానే ఒక బీరువా దగ్గరికి తీసుకెళ్లాడు.

"తలుపు కింది మడతబందు ఎవరికీ లొంగట్లేదు. నువ్వే చూడాలి."

పెద్దాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. బందు విప్పి, ఉలితో గాడి సరిచేసి, మళ్లీ బిగించాడు. తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.

"అదీ చెయ్యంటే!" అన్నాడు పనివాళ్లలో ఒకడు.

లేవబోయాడు. కాళ్లు రాలేదు. బీరువా అంచు పట్టుకుంటే అది ఆయన మీదికే ఒరిగింది. తమ్ముడు భుజం అడ్డుపెట్టి ఆపాడు.

"అందరూ టీ తాగి రండి."

"ఇందాకే తాగాం కదా..."

"మళ్లీ తాగండి."

వాళ్లు వెళ్లాక చంకల కింద చేతులు వేసి అన్నను లేపాడు.

"వదిన మరి అలా చెప్పిందేంటి?"

"దానికి తెలీదు. కుర్చీ ఎత్తు చేశాను."

"ఎంత?"

"రెండంగుళాలు."

తమ్ముడు చేతికంటిన రంపపు పొట్టు దులుపుకున్నాడు. "నువ్వొస్తున్నావని పెద్ద పని ఒప్పుకున్నాను అన్నయ్యా. ఇప్పుడు కొత్త మనిషిని పెట్టుకోవాలి."

"ఈసారి నిజంగా చేస్తాను. కొన్నాళ్లు ఆగరా."

"ఆగాను కదా."

"వాడు పనిచేసేది నా బల్ల మీదేనా?"

"ఇంకో బల్ల ఎక్కడుంది?"

వీధిలో పనివాళ్ల నవ్వులు దగ్గరపడుతున్నాయి. తమ్ముడు స్టూలు ముందుకు జరిపాడు.

"కూర్చో. ఆటో పిలుస్తాను."

"వద్దు," అన్నాడు పెద్దాయన గోడకు ఆనుకుంటూ. "కూర్చుంటే వాళ్ల ముందు లేవాలి."