సామాన్ల దగ్గర గిరిజ

శనివారం పొద్దున పదింటికి ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర దింపుతారు. పదకొండుకి వెళ్తే కాడలే మిగులుతాయి. అందుకని గిరిజ పదింటికే వెళ్ళి, కొత్తిమీరా పచ్చిమిరపకాయలూ తెచ్చి ఫ్రిజ్‌లో సర్ది, కూతురు దియని ఈత క్లాసుకి తీసుకెళ్ళి, క్లాసు అయ్యేదాకా పూల్ పక్కన బెంచీ మీద దాని బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఆమె శనివారాలు ఐదేళ్ళుగా ఇలాగే గడుస్తున్నాయి.

మార్చిలో ఒక శనివారం సాయంత్రం విశ్వనాథం గారింట్లో ట్రిప్ మీటింగ్ జరిగింది. విశ్వనాథం కార్ల కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజరు. కాకినాడ మనిషి. ఇరవయ్యేళ్ళ కిందట వచ్చి, ఈ దేశపు పౌరుడై, ఆ కాలనీలో తెలుగువాళ్ళందరికీ అన్నయ్య అయ్యాడు. ట్రిప్ అంటే ఆయనకి ఎక్సెల్ షీటు. పైన మనుషుల పేర్లు, పక్కన టైములు. నయాగరాకి చేసిన షీటే ఓర్లాండోకి, ఓర్లాండోకి చేసిందే ఇంకో చోటికి, ఊళ్ళూ టైములూ మార్చి వాడతాడు. అందులో మారనిది ఒక్కటే. నీళ్ళున్న ప్రతి టైములోనూ గిరిజ పేరు కింద 'సామాన్ల దగ్గర' అని ఉంటుంది. నయాగరాలో అందరూ పడవెక్కి తడిసినప్పుడు గిరిజ సామాన్ల దగ్గర. ఓర్లాండో వాటర్ పార్కులోనూ గిరిజ సామాన్ల దగ్గరే. ఇది కుట్ర కాదు. కుట్ర అయితే వాదించి గెలవొచ్చు. మొదటి ట్రిప్‌కి దియ చంటిపిల్ల కాబట్టి గిరిజ ఒడ్డున కూర్చుంది. ఆ గడి అప్పట్నించీ కాపీ అవుతూ వస్తోంది, అంతే.

ఈసారి కరీబియన్. సెయింట్ థామస్‌లో మూడు రోజులు. అందులో జూన్ పద్నాలుగు, శనివారం, పక్క ద్వీపంలో ఒక ఇసక బీచ్‌కి డే ట్రిప్.

"అదీ అమెరికాయే. వీసా స్టాంపింగ్ గొడవ లేదు," అన్నాడు విశ్వనాథం, లాప్‌టాప్ టీవీకి తగిలించి. "తొమ్మిదీ పదికి నీళ్ళల్లోకి."

"శనివారం తొమ్మిది నుంచి పదిన్నర రాహుకాలం కదండీ," అంది ఆయన భార్య పద్మ, పకోడీల పళ్ళెం పెడుతూ.

"సముద్రానికి రాహుకాలం ఏమిటే?"

"సముద్రానిక్కాదు, మీకు. ఎలాగూ మోకాలి లోతు దాటరు. ఆ మోకాలి లోతుకైనా మంచి టైం చూడండి."

విశ్వనాథం టైం మార్చాడు. పదీ ముప్ఫై అయిదు నుంచి పన్నెండుంబావు దాకా ఈత.

"అన్నయ్యా, ఈసారి నన్ను గూడ ఈతల రాయండి," అంది గిరిజ.

"మరి సామాన్లో?"

"వాటికి ఈత రాదు గదా, ఒడ్డు మీదనే ఉంటయి."

అందరూ నవ్వారు. గిరిజ మొగుడు శశికాంత్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. విశ్వనాథం నవ్వుతూనే ఆమె గడిలో 'ఈత, పావుగంట' అని కొట్టాడు. నీకు ఈత వచ్చా అని మాత్రం ఎవరూ అడగలేదు.

వచ్చు. దియ బ్యాగు కాపలా కాస్తూ నాలుగేళ్ళు ఆ పూల్‌ని చూసి చూసి, సెప్టెంబర్‌లో మంగళ, గురువారాలు పెద్దవాళ్ళ క్లాసులో చేరింది. సూర్యాపేటలో పుట్టి, సముద్రాన్ని కారు అద్దంలోంచి రెండుసార్లు చూసిన మనిషి. నేర్పే ఆవిడకి డెబ్బయ్యేళ్ళుంటాయి. మొదటిరోజే చెప్పింది, ముందు తల నీళ్ళల్లో పెట్టు, తల పోయిన చోటికి ఒళ్ళు దానంతటదే వస్తుందని. తల పెట్టడానికి గిరిజకి మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత ఆగలేదు. ఇప్పుడు ఆపకుండా నలభై సార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఇది రహస్యమేమీ కాదు. పసుపు రంగు ఈత టోపీ బాత్‌రూమ్‌లో కొక్కేనికి వేలాడుతూనే ఉంటుంది. అది దియదని శశికాంత్ అనుకున్నాడు. దియ టోపీ నీలం.

మీటింగ్ నుంచి వచ్చిన రోజే గిరిజ వంటింట్లో కేలండర్ తీసింది. ఇండియన్ స్టోర్ వాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చింది, తిథులూ వర్జ్యాలూ రాహుకాలాలూ ఉన్నది. జూన్ పేజీ తిప్పి పద్నాలుగో గడిలో 'సముద్రం' అని రాసింది.

మర్నాటికి కేలండర్ కారడం మొదలుపెట్టింది.

జూన్ పేజీ ఇంకా అడుగునే ఉంది కాబట్టి మొదట మార్చి ఉబ్బింది. తర్వాత కింది అంచు నుంచి బొట్టు బొట్టుగా గట్టు మీద పడింది. శశికాంత్ వేలితో తుడిచి నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పగుంది. సింక్ పైన తగిలియ్యి, గోడ ఖరాబైతది."

సింక్ పైన మేకు కొట్టి తగిలించారు. కింద ఉప్మా గిన్నె పెట్టారు. పద్మ వచ్చినప్పుడు చూసి, "మా అలాస్కా ట్రిప్ ముందు మాకూ అంతే. జులై గడిలోంచి ఒకటే మంచు. ఆ నెలంతా నిమ్మకాయ నీళ్ళకి ఐస్ కొనలేదనుకో," అంది.

గిన్నె రోజుకోసారి నిండేది. గిరిజ దాన్ని మరగబెట్టి ఉప్పు తీసి పప్పులో వేసేది. పప్పు కాస్త నాచు వాసన వస్తోందని శశికాంత్ ఒకసారి అని, రెండోసారి వడ్డించుకున్నాడు. గిన్నెలో దొరికిన గోరంత పీతని దియ స్కూల్‌కి పట్టుకెళ్ళి అందరికీ చూపించింది.

మే నెల మధ్యలో విశ్వనాథం ఒక ఫొటో చూశాడు. ఇళ్ళంత గుండ్రాళ్ళు, వాటి సందుల్లోకి వచ్చి నిలబడ్డ పచ్చటి సముద్రం. అంతే, వాట్సాప్ గ్రూప్‌లో పోల్ పెట్టాడు. ఇసక బీచా, రాళ్ళ బీచా? ఆయనా పద్మా రాళ్ళన్నారు. గిరిజ ఇసక అంది. శశికాంత్ చూశాడు, నీలం టిక్కులు పడ్డాయి, ఓటు పడలేదు. అతను వేస్తే సమానం అయ్యేది. పది నిమిషాల్లో విశ్వనాథం పడవ బుక్ చేసేశాడు.

మ్యాప్‌లో ఆ ద్వీపాలన్నీ చెయ్యి చాస్తే అందేటట్టు ఉంటాయి, పేర్లు కూడా అన్నదమ్ముల పేర్లలాగే ఉంటాయి. మధ్యలో ఉన్న గీత అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి కనిపించదు, వీసా ఉన్నవాళ్ళకే కనిపిస్తుంది. రాళ్ళున్నది బ్రిటిష్ వాళ్ళ ద్వీపం. శశికాంత్ జనవరిలో హైదరాబాద్ వెళ్ళి స్టాంపింగ్ చేయించుకున్నాడు. దియ ఇక్కడే పుట్టింది. దియకి స్కూల్ ఉందని అప్పుడు గిరిజ ఆగిపోయింది. ఆమె స్టాంప్ పోయినేడే అయిపోయింది. ఈ దేశంలో ఉండటానికి ఆమెకి కాగితం ఉంది. బయటికెళ్ళి మళ్ళీ రావడానికి లేదు.

"అయ్యయ్యో, నేను చూసుకోలేదమ్మాయ్," అన్నాడు విశ్వనాథం. నిజంగానే బాధపడ్డాడు. "పడవేమో కాన్సిల్ అవదట. ఆ ఒక్కరోజూ నువ్వు సెయింట్ థామస్‌లో హోటల్లో ఉండిపో. మంచి పూల్ ఉంది."

"పూల్ ట్రాయ్‌ల గూడ ఉంది, అన్నయ్యా."

"పెద్ద సామాన్లు కూడా హోటల్లోనే వదిలేస్తాం. నువ్వుంటే మాకూ ధైర్యం."

"నేను రాను," అంది గిరిజ.

ఇంటికొచ్చాక శశికాంత్ అన్నాడు. "ఒక్కరోజే గదా గిరిజా. గింత దానికి అలిగితే ఎట్ల?"

"అలగలే. ఓటెందుకు వెయ్యలేదో చెప్పు."

"ఎటేసినా ఒకరు ఫీలైతరని."

"వెయ్యకున్నా ఒకరు ఫీలైన్రు. ఆ ఒకరు ఎవరో నీకెరుకే."

అతను జవాబు కోసం అన్నట్టు కేలండర్ వైపు చూశాడు. చుక్కలు పడుతున్నాయి. "నీది కాన్సిల్ అయింది గదా. ఇంకెందుకు కారుతుంది?"

"దానికెవ్వరు చెప్పలే," అంది గిరిజ, గిన్నె వంపుతూ.

జూన్ వచ్చింది, పేజీ తిప్పారు. పద్నాలుగో గడి తడిగా మెరుస్తోంది. గిన్నె చాలక కుక్కర్ పెట్టారు. పన్నెండో తారీకు సాయంత్రం మిగతా అందరూ విమానమెక్కారు. దియ ఏడ్చి, కారెక్కాక మానేసింది.

పద్నాలుగు శనివారం. గిరిజ పదింటికి కొత్తిమీర తెచ్చి ఫ్రిజ్‌లో సర్దింది. దింపడానికి దియ లేదు, పట్టుకోవడానికి బ్యాగు లేదు. ఈత బట్టలు వేసుకుని, పసుపు టోపీ పెట్టుకుని, కళ్ళద్దాలు బిగించుకుని, సింక్ పక్కన స్టూలెక్కి నిలబడింది. రాహుకాలం పోయేదాకా ఆగింది. షీటు ప్రకారం ఇంకో ఐదు నిమిషాలు కూడా ఆగింది.

పదీ ముప్ఫై అయిదుకి కేలండర్‌లో తడి గడి గీతలు దాటింది. పదమూడు, పదిహేను కూడా నానాయి. గిరిజ పద్నాలుగో గడిలో వేలు పెట్టింది. గోరువెచ్చగా ఉంది. మణికట్టు పట్టింది, భుజం పట్టింది. కొంచెం ఆలోచించి తల పెట్టింది. తల పట్టింది. మిగతాదాని సంగతి ఆమెకి క్లాసులో మొదటిరోజే చెప్పారు.

అదే టైముకి రాళ్ళ బీచ్‌లో చిన్న ఇబ్బంది వచ్చింది. ఫోన్లు, పాస్‌పోర్టులు, పద్మ చేసిన పులిహోర డబ్బా, ఆరు తువ్వాళ్ళు ఇసక మీద ఉన్నాయి. విశ్వనాథం షీటు తీసి చూశాడు. సామాన్లకి మనిషి లేదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దియ అప్పటికే నీళ్ళల్లో ఉంది, శశికాంత్ దాని వెనక పరిగెత్తాడు. పద్మ, "మీకెలాగూ మోకాలి లోతేగా," అని వెళ్ళిపోయింది.

విశ్వనాథం సామాన్ల దగ్గర కూర్చున్నాడు. ఇరవయ్యేళ్ళుగా ట్రిప్పులు ప్లాన్ చేస్తున్న ఆయనకి ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి. ఐదు నిమిషాలు షీటు చూశాడు. పది నిమిషాలు పులిహోర డబ్బా చూశాడు. చూడ్డానికి ఇంకేమీ లేక సముద్రాన్ని చూశాడు.

నీళ్ళల్లో ఉన్నవాళ్ళకి వాళ్ళ మీద పడే కెరటమే తెలుస్తుంది. అంచు దాకా మొత్తం కనపడేది సామాన్ల దగ్గర కూర్చున్నవాళ్ళకే. ఆ అంచు దగ్గర, పడవలు కట్టేసిన చోటికి ఇవతల, పసుపు టోపీ ఒకటి కదులుతోంది. చెయ్యి లేస్తోంది, దిగుతోంది, మూడు చేతులకోసారి మొహం పక్కకి తిరుగుతోంది. తొందర లేదు. పెద్ద గుండు చుట్టూ తిరిగి, రెండో గుండు మీద చెయ్యి వేసి కాసేపు ఆగింది. భువనగిరి దారిలో బస్సు కిటికీలోంచి కనపడే గుండ్లలాంటివే అవి. గిరిజ వాటిని తెలిసినవాళ్ళని పలకరించినట్టు తట్టింది. మళ్ళీ కదిలింది.

విశ్వనాథం లేచి నిలబడ్డాడు. "అమ్మాయ్! అక్కడ లోతు!"

టోపీ ఆగింది. చెయ్యి పైకి లేచింది. "తెలుసు అన్నయ్యా!"

"ఇటు రా! పులిహోర ఉంది!"

"ఇసక మీదికి రాను! ఇసక వాళ్ళ దేశం! నీళ్ళ మీద ఎవ్వరి పేరు రాసి లేదు!"

ఆ గొంతే మళ్ళీ వినిపించింది.

"అన్నయ్యా, సామాన్లు జాగ్రత్త!"

విశ్వనాథం కూర్చుని, ఫోన్లున్న సంచీ ఒళ్ళోకి తీసుకున్నాడు. పన్నెండుంబావుకి టోపీ పెద్ద గుండు వెనక్కి వెళ్ళింది, ఇంక రాలేదు. మిగతావాళ్ళు ఒళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "ఏం చేశారు ఇంతసేపూ?" అని అడిగితే, "చూశాను," అన్నాడు.

గిరిజ పన్నెండు ఇరవైకి స్టూల్ దిగి, వంటింట్లో నీళ్ళు తుడిచింది. ఆకలి దంచేస్తోంది. కొత్తిమీర పచ్చడి చేసుకుని రెండుసార్లు అన్నం పెట్టుకుంది. సాయంత్రానికి గడి ఆరిపోయింది. పద్నాలుగు అంకె, 'సముద్రం' అన్న మాట, రెండూ కడుక్కుపోయి కాగితం తెల్లగా ఉంది.

సోమవారం శశికాంత్ వచ్చి స్నానానికి వెళ్ళాడు. చాలాసేపటికి పసుపు టోపీ చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు. టోపీ మడతలో ఇసక లేదు, ఎండిన ఉప్పు ఉంది. ఇంకో చేతిలో ఫోన్ ఉంది. ఫోన్‌లో దియ నవ్వుతున్న ఫొటో, దాని వెనక చాలా దూరంగా ఒక పసుపు చుక్క.

"ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"సెప్టెంబర్ల మొదలువెట్టిన."

"నాకు చెప్పలే."

"నువ్వు అడగలే."

అతను టోపీని కొక్కేనికి తగిలించి వచ్చాడు. "నేర్పుతవా?" అన్నాడు.

"మంగళవారం పదింటికి. లీవ్ పెట్టు," అంది గిరిజ.

ఆగస్టులో విశ్వనాథం కొత్త షీటు పంపాడు. సెప్టెంబర్‌లో లాంగ్ వీకెండ్, పెద్ద సరస్సు పక్కన మూడు రోజులు. ఈసారి షీటు పాతదాన్నుంచి కాపీ చేసింది కాదు. గిరిజ పేరు కింద 'ఈత' అని ఉంది, ఎంతసేపో రాయలేదు. 'సామాన్ల దగ్గర' అన్న మాట ఆయన పేరు కిందకి వచ్చింది. పద్మ ఫోన్ చేసి, "ఏమో, అడిగితే ఆ సీటు నాదంటున్నారు, ఎవరికీ ఇవ్వరట," అంది.

గిరిజ కేలండర్ సెప్టెంబర్‌కి తిప్పింది. గిన్నె చూసింది, కుక్కర్ చూసింది, రెండూ పక్కన పెట్టింది. గరాజ్‌లోంచి పెద్ద బకెట్ తెచ్చి సింక్‌లో నిలబెట్టి, అప్పుడు పెన్ను తీసింది.