రెండో కనెక్షన్

మధ్యాహ్నం పూట హారిక కంప్యూటర్ తెర ఉన్నట్టుండి నల్లబడేది. వెనక బొమ్మగా పెట్టుకున్న కూతురి ఫోటో మాయమయ్యేది, అక్షరాలు లావై మసకబారేవి. కాసేపటికి మళ్లీ మామూలే.

ఆమె మార్కాపురంలో ఇంట్లోనే కూర్చుని ఒంగోలు ఆడిటర్ బాలకృష్ణ గారి దగ్గర పని చేసేది. అక్కడి ఆఫీసు కంప్యూటర్‌ను ఇక్కడి నుంచే తెరుచుకుని జీఎస్టీ రిటర్నులు వేయాలి. గడువు దగ్గర పడినప్పుడు తెర మసకైతే అది ఎనిమిదో మూడో తెలియక వేసిందే మళ్లీ వేయాల్సి వచ్చేది. ఒంగోలు వాళ్లను అడిగితే, "మా దగ్గర అంతా బాగానే ఉందమ్మా, తేడా మీ వైపే" అన్నారు. తెర సైజు మార్చి చూసింది. కేబుల్ మార్చింది. భర్త ఫణికృష్ణకు అన్నం పెడుతూ చెబితే, "నెట్ స్లో అయ్యుంటది, పట్టించుకోబాకు" అన్నాడు. అతనికి బజార్లో పెయింట్ల దుకాణం.

ఆ నెలలోనే ఆమెకు ఇంకో దెబ్బ తగిలింది. "టీమ్ లీడర్‌గా నిన్నే వేద్దామనుకుంటున్నా, అప్పుడప్పుడూ ఒంగోలు రావాల్సి ఉంటుంది" అని బాలకృష్ణ గారు మెయిల్ పెట్టినారు. ఇంట్లో ఎట్ల చెప్పాలా అని హారిక జవాబు ఆలస్యం చేసింది. చెల్లెలు రమ్యకు మాత్రం, "ఈసారి ఎవరు వద్దన్నా ఆగను" అని రాసింది. అంతలోనే ఆ పని ఇంకొకరికి ఇచ్చినట్టు ఆఫీసులో అందరికీ మెయిల్ వచ్చింది. తన ఆలస్యం వల్లే పోయిందని తన్ను తనే తిట్టుకుంది.

తెర సంగతి తేలక చివరికి ఫెబీని పిలిచింది. ఇద్దరూ పాలిటెక్నిక్‌లో కలిసి చదివినారు. ఫెబీకి బస్టాండు పక్కన కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. హారిక అత్త సరస్వతమ్మ ఇద్దరికీ టీ తెచ్చింది. కోడలికి స్టీలు గ్లాసులో, ఫెబీకి పేపరు గ్లాసులో. ఫెబీ తాగేసి పనిలో పడింది.

"డ్రైవర్లు బాగున్నయ్, సైజు బాగుంది. ఏమీ లేదే ఇందులో" అని ఫెబీ అంటుండగానే తెర నల్లబడింది.

ఫెబీ మౌస్‌ను మెల్లగా తెర మూలనున్న గడియారం పక్కకు జరిపి, అక్కడున్న చిన్న గుర్తు మీద ఆపింది. "నువ్వు ఒంగోలు కంప్యూటర్‌ను చూస్తున్నావు. నీ కంప్యూటర్‌ను ఇంకెవరో చూస్తున్నారు. అట్ల చూసేటప్పుడు ఆ సాఫ్ట్‌వేరే వెనక బొమ్మ తీసేస్తది, సైజు మార్చేస్తది. నీ తెరకు జబ్బేం లేదు హారికా."

"ఎవరు?"

ఫెబీ ఆ గుర్తు నొక్కింది. తెర మీద తెరుచుకున్న చిన్న కిటికీలో హారిక వాళ్ల పెయింట్ల దుకాణం పేరు కనిపించింది. ఇద్దరూ దాన్ని చూస్తుండగానే అవతల కనెక్షన్ తెగిపోయి పాప ఫోటో తిరిగొచ్చింది.

"తీసేయమంటావా?" అంది ఫెబీ.

"వద్దు. ఆయన చేతే తీయిస్తా."

ఫెబీ పోయినాక, ఆ మెయిల్ కూడా ఆయన చదివే ఉంటాడని తోచి హారిక ఒంగోలుకు ఫోన్ చేసింది. "మీ ఆయనే చెప్పినాడు గదమ్మా, ఇంట్లో కుదరదని" అన్నారు బాలకృష్ణ గారు. "చెప్పమన్నది నువ్వేనన్నాడు. ఇంకొకరికి ఇచ్చేసినాం, ఇప్పుడు మార్చలేను."

ఫణికృష్ణ ఆ రోజు భోజనానికి ఆలస్యంగా వచ్చినాడు. కంచం ముందు కూర్చున్నాక హారిక అడిగింది.

"నా కంప్యూటర్లో అది ఎందుకు పెట్టినారు?"

"దుకాణం బిల్లుల కోసం."

"బిల్లులు నా దాంట్లో లేవు. మా సార్‌కు ఫోన్ ఎందుకు చేసినారు?"

అతను అన్నం కలిపినాడు. "చిన్నపిల్లను పెట్టుకుని ఒంగోలు ఎట్ల తిరుగుతావు? నువ్వు అడిగుంటే నేను వద్దనేవాణ్ని, నీకు బాధయ్యేది. ఇట్లయితే బాధ లేకుండా పోయింది గదా."

పక్క గదిలోంచి సరస్వతమ్మ అంది, "మొగుడు చూస్తే తప్పేంది? పరాయోడా?"

"పరాయోడైతే స్టేషనుకు పోయేదాన్ని అత్తమ్మా."

అతను చేయి కడుక్కుని వచ్చి, ఆమె ముందే ఆ సాఫ్ట్‌వేర్ తీసేసినాడు. "ఇప్పుడు సరేనా?" అన్నాడు. ఆమె అతని కంచం తీసుకుని లోపలికి పోయింది.

తర్వాత తెర ఎప్పుడూ నల్లబడలేదు. కానీ రమ్యకు ఏదైనా రాయబోతే హారిక వేళ్లు ఆగిపోయేవి. "బాగున్నాం" అని రాసి ఊరుకునేది. తను రాసిన ప్రతి మాటా అతను ఏ మొహంతో చదివి ఉంటాడో అన్నదే మనసులో మెదిలేది. అవి చదివి వచ్చి, ఏమీ తెలియనట్టు పప్పులో ఉప్పు తగ్గిందని కూడా అన్నాడు ఆ మనిషి.

కొన్నాళ్లకు ఆమె ఫెబీని అడిగి, షాపు వెనక గదిలో ఒక బల్ల వేయించుకుంది.

"బస్టాండు కాడ కూర్చుంటే మన పరువేం గావాల?" అన్నాడు ఫణికృష్ణ.

"పనికి పోతున్నా" అంది హారిక, చెప్పులేసుకుంటూ.

ఉద్యోగం పాతదే. ఆమెకు రావాల్సిన కుర్చీలో ఇంకెవరో ఉన్నారు, ఆ కొత్త మనిషి చెప్పినట్టే ఈమె పని చేస్తుంది. ఇంట్లో మొగుడూ పెళ్లాలు గ్యాస్ బండ గురించి, పాప స్కూలు ఆటో గురించి మాట్లాడుకుంటారు. ఒకరోజు తింటూ తింటూ అతనే అన్నాడు, "ఈ మధ్య నువ్వు నాకేం చెప్పడం లేదు."

"అడగండి, చెబుతా."

అతనికి ఏం అడగాలో తోచలేదు. మజ్జిగ పోసుకున్నాడు.