నవాబు ఎన్ని లీటర్లు ఇస్తాడు?

పాలిటెక్నిక్‌లో అగ్రి బిజినెస్ చదువుతున్న వీణకు ఆ రోజు పొద్దున్నుంచీ అన్నం సయించలేదు. సాయంత్రం అమరనాథ్ సార్ గౌలిపురలోని వాళ్లింటికి వస్తున్నారు. ఇంటి పాడి వ్యాపారమే ఆమె ఆఖరి ప్రాజెక్టు. సార్ కొట్టం చూసి, పాలు పితకడం చూసి సరేనంటే పాసు, కాదంటే ఇంకో ఏడాది అదే బెంచీ.

కాలేజీకి పోతూ తండ్రి కృష్ణయ్యకు మరీ మరీ చెప్పింది. "బాపూ, సార్ మన కొట్టం చూడనీకి వస్తుండు. జర సాఫ్ జేసి పెట్టు, చాలు."

"ఫికర్ జెయ్యకు బిడ్డా. మస్తుగ జేస్త."

ఆ 'మస్తుగ' దగ్గరే ఆమెకు అనుమానం రావాల్సింది. రాలేదు.

సాయంత్రం సార్‌ని వెంటబెట్టుకుని గల్లీ మలుపు తిరిగేసరికి డప్పులు మోగుతున్నాయి. కొట్టంలో బర్రెలు లేవు. వాటి జాగాలో నవాబు నిలబడి ఉన్నాడు. నవాబంటే మాదన్నపేటలో బాబాయి బీరయ్య పెంచే దున్నపోతు. ఏటా సదర్ పండుగకు పూలదండలేసి ఊరేగించేది వాడినే. ఇప్పుడూ ఒళ్లంతా నూనె, కొమ్ములకు నెమలీకలు, కాళ్లకు గజ్జెలు. గొప్ప మనిషి ఇంటికొస్తే దున్నపోతును చూపించాలి గానీ, రోజూ ఉండే బర్రెలనేం చూపిస్తామని కృష్ణయ్య లెక్క. ఇరుకు కొట్టం కాబట్టి వాటిని బీరయ్య ఇంటికి తోలించాడు.

వీణకు ఏడుపొక్కటే తక్కువ.

సార్ కళ్లజోడు సవరించుకుని నవాబును పైనుంచి కిందిదాకా చూశారు. "ఇది రోజుకెన్ని లీటర్లు ఇస్తుందమ్మా?"

"సార్, ఇది సరుకు కాదు," అంది వీణ. "అడ్వర్టైజ్‌మెంట్."

ఆ మాటను నిలబెట్టడానికే అన్నట్టు, ఎదురింటి మేడమీంచి ఎవరో కేకేశారు. "కృష్ణన్నా, రేపటి సంది మాకు గూడ పాలు పొయ్యి!"

సార్ ముఖం విప్పారింది. వీణ తల్లి లలితమ్మ చాయ్ తెచ్చింది. ఒక గుక్క తాగి సార్, "ఆహా, ఏం పాలమ్మా! ఈ చాయ్‌కే పాస్ చెయ్యొచ్చు. మీ పాలేనా?" అన్నారు.

లలితమ్మ చూపు నేల మీదికి జారింది. వీణకు సంగతి అర్థమైంది. అయినా అవునందామని నోరు తెరిచింది.

"కాదు సార్," అన్నాడు కృష్ణయ్య. "ప్యాకెట్ పాలు. పొద్దుగాల పిండినయి వాడుక ఇండ్లకు పోసినం."

డప్పు కూడా ఆగిపోయింది.

"ఏందయ్యా గిట్ల జేస్తివి!" అంది లలితమ్మ.

"ఫేలైతే అయితది. గా పాలకు నా పేరు వెడితే నేనొప్పుకోను!"

తండ్రి మీద వీణకు ఒళ్లు మండింది, ఆ వెంటనే ఎందుకో చచ్చేంత ముద్దూ వచ్చింది.

సార్ గ్లాసు కింద పెట్టారు. "మరి మీ పాలెక్కడ దొరుకుతాయి?"

"మాదన్నపేటల. బండెక్కుండ్రి సార్!"

స్కూటర్ మీద కృష్ణయ్య, వెనక సార్, ఆ వెనక డప్పులతో నవాబు, పలుపు పట్టుకుని వీణ. బజార్లో కూరగాయలు కొనేవాళ్లు సార్‌ను పెళ్లికొడుకనుకుని దారి ఇచ్చారు.

బీరయ్య కొట్టంలో కృష్ణయ్య స్వయంగా బర్రెను పిండి ఇచ్చిన గుమ్మపాలు తాగి, సార్ మీసాలకు నురగతోనే, "పాస్," అన్నారు. ఆ తర్వాత సిగ్గుపడుతూ వీణకు తన ఫోన్ ఇచ్చారు. "నవాబుతో ఒక ఫొటో తియ్యమ్మా."

కృష్ణయ్య కూతురి చెవి దగ్గరికి వంగాడు. "మస్తుగ జేస్తనన్ననా లేదా?"